శాలువా మామయ్య చంపాడా, చంపలేదా

సీరియల్ చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం ఆ రోజుల్లో మా వైపు ఎవరికీ అలవాటు లేదు. టీవీలో హత్య జరిగితే పక్కింట్లో జరిగినంత హడావుడి. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్నది అన్నం తింటూ, బట్టలు మడతపెడుతూ మేమే తేల్చేసేవాళ్లం. నాకు అభిప్రాయాలు మరీ ఎక్కువ. అప్పుడే డిగ్రీ పూర్తిచేసి, సూర్యాపేటలో మా చిన్నాయన నడిపే కేబుల్ ఆఫీసులో పనికి చేరాను. ఆయనకు సొంతంగా ఒక లోకల్ ఛానల్ కూడా ఉండేది. మునగాల దాకా వైరు లాగానని కనబడిన ప్రతివాళ్లకూ చెప్పుకునేవాడు. ఛానల్ అంటే ఒక గది, వెనక నీలం తెర, ఒక కెమెరా, దాన్ని నడిపే కోదాడ మనిషి. (అతని అసలు పేరు అందరం మరిచిపోయి ‘కోదాడ’ అనే పిలిచేవాళ్లం. అతనూ పలికేవాడు.)

ఒక సాయంత్రం కళ్ల జబ్బుల గురించి లైవ్‌లో మాట్లాడాల్సిన డాక్టరు రాలేదు. చిన్నాయన పరేషాన్ అయిపోయి నా దగ్గరికొచ్చాడు. “బిడ్డా, జర నువ్వు కూసో. పొద్దస్తమానం టీవీ ముంగట మాట్లాడుతనే ఉంటవ్ గద, గదేదో గీడ మాట్లాడు!” అన్నాడు. నన్ను అలా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. వెళ్లి కూర్చున్నాను. క్రైమ్ సీరియళ్లలో పోలీసులు తలుపు గొళ్లెం వేసి ఉందో లేదో చూడకుండానే తంతారేమిటి అని మొదలుపెట్టాను. శవం పక్కన హంతకుడి చొక్కా గుండీ ఒకటి తప్పకుండా దొరుకుతుంది, మన గుండీ ఊడితే మాత్రం ఇల్లంతా ఊడ్చినా దొరకదేం అని అడిగాను. సైన్సు సీరియళ్లనూ వదల్లేదు. వేరే గ్రహం నుంచి దిగినవాడు దిగీదిగగానే ‘ఓ మానవులారా’ అంటూ తప్పుల్లేని తెలుగు మాట్లాడతాడు. మా కోదాడకు సూర్యాపేట మాట పూర్తిగా అర్థం కావడానికే ఎన్నో నెలలు పట్టింది అన్నాను. (కెమెరా కొంచెం ఊగింది. అతను నవ్వాడు.) ఆ ఊపులో, అప్పుడు ఊరంతా చూస్తున్న సీరియల్ సంగతి కూడా ఎత్తాను. అందులో ఒక షావుకారును ఎవరో చంపేశారు. అందరి అనుమానం డ్రైవరు మీద. నేను మాత్రం, “చంపింది ఆ శాలువా కప్పుకుని తిరిగే బావమరిదే. అంత మెత్తగా మాట్లాడేవాణ్ని నమ్మకండి” అని తేల్చి చెప్పేశాను. (సీరియల్లో షావుకారు పిల్లలు పిలిచినట్టే ఊళ్లో అందరం ఆయన్ను శాలువా మామయ్య అనేవాళ్లం.)

వెంటనే ఫోన్ మోగింది. మునగాల నుంచి ఎవరో అవ్వ.

“ఎవరే నువ్వు? ఆయన ముఖం ఎన్నడన్న సక్కగ సూసినవా? ఎంత నిమ్మలంగ ఉంటడు! గసొంటోడు చంపుతడా?”

“చంపుతడు అవ్వా.”

“చంపడు!”

“ఆయన కాకపోతే ఇదే కుర్సీల కూసొని మాఫీ అడుగుత!”

కెమెరా వెనక కోదాడ తల పట్టుకున్నాడు. ఇక ఫోన్లు ఆగలేదు. “హంతకుడెవరో చెప్పేస్తివి, ఇగ మేం సూసుడెందుకు? వచ్చి వైరు పీకేసుకపో” అన్నవాళ్లే ఎక్కువ. అసలే కేబుల్‌కు పోటీగా డాబాల మీద డిష్ గొడుగులు మొలుస్తున్న కాలం. చిన్నాయన మొహంలో నెత్తురు లేదు. మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. “పెండ్లి కావాల్సిన పిల్లవు, టీవీలకెక్కి ఎవర్నో హంతకుడంటవా?” అంది. (మిర్యాలగూడకు మా వైరు లేదు. మాట మాత్రం వెళ్లింది.) “తప్పయిందని ఒక్క మాట చెప్పు బిడ్డా, ఖతం అయితది” అని చిన్నాయన బతిమాలాడు. నేను కదల్లేదు. “ఆఖరి భాగం రానీ చిన్నాయనా. ఓడితేనే చెప్త” అన్నాను.

ఆఖరి భాగం రానే వచ్చింది. ఆఫీసులో అందరం టీవీ ముందు కూర్చున్నాం. పోలీసులు తలుపు తన్ని, కత్తితో సహా శాలువా మామయ్యను పట్టుకున్నారు. నేను ఎగిరి గంతేశాను. ఇంతలో ఇన్‌స్పెక్టర్ ఆయన చెవి పట్టి లాగాడు. చెవి ఊడి చేతికొచ్చింది. లోపలన్నీ వైర్లు! అది రోబో అట. అసలు మామయ్యను ఒక దుర్మార్గపు సైంటిస్టు రంగు నీళ్ల సీసాల మధ్య కట్టి పడేశాడట. నేను గెలిచానో ఓడానో అక్కడ ఎవరికీ తెలియలేదు, నాకు అసలే తెలియలేదు.

మునగాల అవ్వకు మాత్రం ఏ సందేహమూ లేదు. మర్నాడు బస్సెక్కి తిన్నగా ఆఫీసుకే వచ్చింది. ఆమెను కాదనే ధైర్యం లేక చిన్నాయన మా ఇద్దరినీ కెమెరా ముందు కూర్చోబెట్టాడు.

“చెప్పిన గద, ఆయన కాదని” అంది అవ్వ.

“ముఖం ఆయనదే గద అవ్వా!”

“ముఖముంటే అయితదా? పాపం, అసలాయన గాడ తిండి లేక, నీళ్లు లేక పడున్నడు. నువ్వు గీడ కూసొని హంతకుడంటివి. మాఫీ నాకొద్దు. ఆయనకే చెప్పు.”

“ఆయనకెట్ల చెప్పాలె?”

“ఇటు చూసి చెప్పండి మేడమ్, కెమెరాలోకి” అన్నాడు కోదాడ మెల్లగా.

చేతులు జోడించాను. “మామయ్యా, తప్పుగ అనుకున్న. మాఫ్ చెయ్యి” అన్నాను. అయినా నా పట్టు సడలలేదు. “కానీ ముందు ఒక్క ముక్కయినా చూపించకుండా, ఆఖర్న చెవి పీకి రోబో అంటే ఎవరు కనుక్కోవాలె? ఇది మోసం” అని గట్టిగా అనేశాను.

అవ్వ గిర్రున నా వైపు తిరిగింది. “గది మాత్రం నిజం బిడ్డా! మనల్ని పిచ్చోళ్లను చేసిండ్రు” అంది. ఇక ఇద్దరం కలిసి ఆ సీరియల్ తీసినవాళ్లను ఎడాపెడా తిట్టాం. చిన్నాయన ఆపమని సైగ చేస్తూనే ఉన్నాడు, మేం చూడలేదు. ఈసారి కూడా ఫోన్లు మోగాయి, కానీ వైరు పీకమని ఎవరూ అనలేదు. అవ్వ మళ్లీ ఎప్పుడొస్తదని అడిగారు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి సీరియల్ వాళ్లది. హంతకుడెవరో నాకు సగంలోనే తెలిసిపోతుంది. చెబుదామని తల తిప్పితే వినే తీరికలో ఎవరూ ఉండరు. అప్పుడు ఆ రోజుల్లో నాలో ఉన్న మొండి పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. లోకంలో లేని మనిషి గురించి ఊరంతటితో కొట్లాడింది. ఇవాళ నేను ఎదురుగా ఉన్న మనుషుల గురించి కూడా అంత పట్టుగా ఎవరితోనూ వాదించను.