ఒకే గొట్టంలో రెండు తిమింగలాలు

రుజువు చూపించమని నేను ఎందరినో నిలదీశాను. ఆదోనిలో, ఎమ్మిగనూరులో వేదికలెక్కి బాబాలను సవాలు చేశాను. దిగి ఇంటికి పోతున్న ప్రతిసారీ గుండె మీద ఒక బరువు కూర్చునేది. ఒక నిజాన్ని ఏళ్ల తరబడి నేనే దాచాను. ఇప్పుడు కూడా నా పేరు రాయడం లేదు. ఆ పిరికితనాన్ని కూడా లెక్కలో వేసుకుని చదవండి.

వ్యాసాలే బతుకు కాకముందు నేను ఒక నగరంలోని ప్రయోగశాలలో పనిచేశాను. అరేబియా సముద్రంలో కొద్దిగా మిగిలిన మూపురం తిమింగలాల జన్యువులను పరీక్షించేవాళ్లం. అవి దక్షిణ సముద్రాల తిమింగలాలతో కలుస్తాయా, లేక వేరే కుటుంబంగా మిగిలిపోయాయా? వేరే కుటుంబమైతే, ఇవి పోయాక వీటి చోటుకు వచ్చేవి ఉండవు. వీటిని ఢీకొట్టే ఓడలను దారి మళ్లించమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలంటే ముందు ఆ సంగతి తేలాలి.

నాతో కరుణ అనే అమ్మాయి పరిశోధన చేసేది. కౌతాళం పక్క పల్లె, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. నన్ను అన్నా అని పిలిచేది. ఒక గొట్టంలోని నమూనాను మరో గొట్టంలోకి మార్చేటప్పుడు ఒకరు నంబరు చదవాలి, రెండోవారు తిరిగి పలకాలి. ఒంటరిగా చేయకూడదు. ఆ రోజు ఆమె అన్నానికి వెళ్లింది. మూఢనమ్మకాల మీద ఆదోనిలో నా ప్రసంగం ఉంది, రైలుకు వేళవుతోంది. నేను ఆగలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చిన ఒక ఆడ తిమింగలం చర్మంలో చివరి ముక్కను కరిగించి ఒక గొట్టంలో ఉంచాం. ఆ గొట్టంలోనే మరో తిమింగలం నమూనా పోసేశాను. పోస్తుండగానే తెలిసింది. మూత బిగించి రైలెక్కాను.

మా నాన్న పత్తి వ్యాపారి. రెండు రకాల పత్తి కలిపి కుక్కిన బోరెం, అదే గోనె మూట, దొరికితే మార్కెట్ యార్డులో అందరి ముందూ తిట్టేవాడు. ఆ తిట్లు వింటూ పెరిగినవాణ్ణి నేను.

ఫలితం దాగలేదు. ఏ ప్రాణికైనా జన్యువులో ఒక్కో చోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు గుర్తులే ఉంటాయి. ఆ గొట్టంలో మూడూ నాలుగూ కనిపించాయి. మా ప్రయోగశాల పెద్దాయన ఎవరు కలిపారని అడగను కూడా లేదు. "కోటాలో వచ్చినవాళ్లతో ఇదే తంటా" అని కరుణ వైపు చూశాడు. కులాన్ని దుమ్మెత్తిపోసిన నా వ్యాసాలు అప్పటికే అచ్చయి ఉన్నాయి. నేను నోరు మెదపలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? పేరు పోతుందనా? కాదు, అంతకన్నా నీచమైనది. తప్పు ఆమె మీద పడితే ఎవరూ ఆశ్చర్యపోరని నాకు తెలుసు. ఏ అన్యాయాన్ని వేదికల మీద తిట్టానో, అవసరం వచ్చిన రోజు అదే నాకు అక్కరకొచ్చింది.

ఆమెను తీసేసిన రోజు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను అన్నానికి పోయినప్పుడు ఆ గొట్టాలు నీ దగ్గరే గదా ఉండింది? నేనేమన్నా కలిపినానా, సెప్పు."

"నాకు గుర్తులేదు కరుణా."

"గుర్తులేదా? దేవుడు లేడని మైకు పట్టుకోని అంత గట్టిగా సెప్తావే అప్పా! నీ బల్ల మీద జరిగింది మాత్రం తెల్దా?"

నేను తలవంచి కాగితాలు సర్దుకున్నాను.

"సరేలే. ఊరికి పోతాండాను."

ఆమెకు తెలుసు. నా నోట వినడానికే అడిగింది.

ఆ ఆడ తిమింగలం ఏ కుటుంబానిదో ఇక ఎవరూ చెప్పలేరు. కళేబరాన్ని సముద్రం అప్పటికే లాక్కుపోయింది. ఓడల సంగతి వాయిదా పడింది. కరుణ ఎమ్మిగనూరులో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. మొన్న నా సభ ఆ వీధి చివరే జరిగింది. దుకాణం ముందు నుంచి పోలేక చుట్టూ తిరిగి వేదికకు వెళ్లాను. ఆ రోజు ఏం మాట్లాడానో అడగకండి.

ఆమె క్షమించాలని దీన్ని రాయడం లేదు. ఆగిపోయిన ఆమె పరిశోధనను ఏ క్షమాపణా తిరిగి తేలేదు. జరిగింది మాత్రం ఇదీ: ఆ గొట్టంలో రెండు తిమింగలాలను కలిపింది కరుణ కాదు. నేను.

ఈ మాట ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు.  రాశాక ఊపిరి ఆడుతోంది.