డెబ్భై దగ్గర తిప్పిన లెన్సూ, లైన్‌మన్ మొహమూ

2007. అనకాపల్లి మెయిన్ రోడ్డులో నేను ఫొటో స్టూడియో పెట్టి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. ఆ ఏడాది మా ఊళ్ళో ఇంకే ఫొటోగ్రాఫర్ దగ్గరా లేని లెన్సు నా దగ్గర ఉండేది. రెండు కిలోల బరువు. మెళ్ళో వేసుకుంటే మనిషి ముందుకి ఒంగిపోవలసిందే.

ఇక్కడే ఆగి కొంచెం దిద్దుకుంటాను. ముప్ఫై కాదు, ఇరవై ఆరేళ్ళు. రెండు కిలోలు కాదు, కిలోకి కాస్త తక్కువే. ఆ లెన్సు నా దగ్గర ఉన్నది నాలుగంటే నాలుగు రోజులు. అదీ నాది కాదు.

ఫొటో పని తెలియనివాళ్ళకి రెండు మాటలు. ఇలాంటి లెన్సుని స్టాండర్డ్ జూమ్ అంటారు. 24 అనే అంకె దగ్గర పెడితే హాలంతా పడుతుంది, 70కి తిప్పితే మొహాలు దగ్గరికొస్తాయి. ఇంచుమించు ఆ పని కెమెరాతోపాటు వచ్చే చవక లెన్సూ చేస్తుంది. తేడా అంతా ఎపర్చర్‌లో, అంటే వెలుగు లోపలికి దిగే కన్నంలో ఉంది. చవక లెన్సు కన్నం జూమ్ చేసేకొద్దీ చిన్నదైపోతుంది. దీని కన్నం ఎంత తిప్పినా పెద్దగానే ఉంటుంది. దానికి గుర్తు 2.8. ఫ్లాష్ లేకుండా చీకటి గదిలో ఫొటో తీయాలంటే ఈ కన్నమే దిక్కు. ధర మాత్రం కొత్త మోటారు సైకిలు కొన్నా ఇంకా మిగిలేంత. కొనాలా వద్దా అని ఏడాదిగా కొట్టుమిట్టాడుతున్నాను.

అప్పుడొచ్చేడు ప్రకాశరావు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఒకే వీధిలో పెరిగిన వాళ్ళం. వాళ్ళు చర్చికి, మేము గుడికి. అయినా ఊహ తెలిసిన దగ్గర్నుంచీ బావా అంటే బావా. కూతురు సునీత పెళ్ళి శనివారం. పెళ్ళికి పది రోజులుందనగా వాళ్ళావిడ శాంతమ్మ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైతే అయింది గానీ మంచం దిగడానికి లేదు. చర్చిలో ఆనవాయితీగా చదివే పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలూ చదివేసేరు. వాయిదా వెయ్యొద్దని శాంతమ్మే పట్టుబట్టింది.

"బావా, నాకొక్కటే కావాల," అన్నాడు కుర్చీ అంచున కూర్చుని. "శాంత మంచం మీంచే పెళ్ళి సూడాల. ఒక్క మొహం కూడా తప్పిపోకూడదు."

"సూపిత్తాను. ఏటి నీ బెంగ?"

"పాస్టర్ గారు ఫ్లాష్ వద్దన్నారు. ప్రమాణాలయ్యేదాకా ఫొటో, వీడియో లైట్లేవీ వెలక్కూడదంట. మన చర్చి సంగతి తెల్సు కదా, పట్టపగలే బైబిల్లో అచ్చరాలు కనబడవు."

నేను నవ్వేను. "ఫ్లాష్ ఎవడిక్కావాల? నా దగ్గర రెండు పాయింట్ ఎనిమిది లెన్సుంది."

"ఎప్పుడు కొన్నావు?"

"మొన్నే."

అతను వెళ్ళగానే కర్టెన్ వెనక నుంచి మా ఆవిడ బయటికొచ్చింది. "ఏ మొన్న?" అంది. జవాబు చెప్పకుండా విశాఖపట్నం ఫోన్ చేసేను.

విశాఖలో మూర్తి అని కెమెరాలు, లెన్సులు అమ్మే స్నేహితుడు ఉండేవాడు. శుక్రవారం వెళ్తే షాపు సంచీతో సహా లెన్సు చేతిలో పెట్టి, "వాడి చూడు మామా. నచ్చితే ఉంచుకో. నచ్చకపోతే సోమవారం సాయంత్రానికి నా బల్ల మీదుండాలి. గీత పడిందా, నచ్చినా నచ్చకపోయినా నీదే," అన్నాడు. సంచీని తువ్వాల్లో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకున్నాను. అనకాపల్లి చేరేలోగా గీత పడిందేమోనని ఆరుసార్లు విప్పి చూసుకున్నాను. ఎదురుగా కూర్చున్న ముసలావిడ, "పసిబిడ్డా నాయనా?" అంది.

శనివారం పది గంటలకి చర్చి. తండ్రి చెయ్యి పట్టుకుని సునీత నడిచి వస్తోంది. ఇద్దరూ పాస్టర్ గారి ముందు నిలబడగానే కరెంటు పోయింది. అరగంటసేపు చీకట్లోనే పెళ్ళి జరిగిందని నేను చాలామందికి చెప్పేను. నిజానికి ఐదు నిమిషాలు. కానీ శాంతమ్మ చూడవలసిందంతా ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది: తండ్రి కూతురి చేతిని పెళ్ళికొడుకు చేతిలో పెట్టడం. వెనక బెంచీలోంచి ఎవరో, "లైన్‌మన్ కూతురు పెళ్ళిలోనే కరెంటు తీసేసేరర్రా," అన్నారు. కొందరు నవ్వేరు. వీడియో అతను నా వైపు చూసి తల అడ్డంగా ఊపేడు. తర్వాత తెలిసింది, అతని టేపులో ఆ కాసేపూ పాస్టర్ గారి గొంతు తప్ప ఇంకేమీ లేదని.

లెన్సు కింద పడుతుందేమోనని ఒక భయం, బొమ్మ రాదేమోనని ఇంకో భయం. 70కి తిప్పి, కన్నం పూర్తిగా తెరిచి, సునీత మొహం మీద గురిపెట్టి నొక్కుతూ పోయేను. కెమెరా వెనక అగ్గిపెట్టంత తెర మీద బొమ్మలు పడుతున్నాయి. బంగారంలా ఉన్నాయి. మోటారు సైకిలైతేనేం, కొనేస్తానని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

మధ్యాహ్నం స్టూడియోలో కంప్యూటర్ మీద పెద్దవి చేసి చూసేను.

సునీత కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. ఆమె పక్కన ఒక్క అడుగు వెనకగా నిలబడ్డ ప్రకాశరావు మొహం మాత్రం పొగ. ముక్కేదో మూతేదో తెలియదు. ఒకటి కాదు, అప్పగింత ఫొటోలన్నీ అంతే. దీన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. గురిపెట్టిన చోటికి ముందూ వెనకా ఎంత మేర బొమ్మ స్పష్టంగా ఉంటుందన్న లెక్క అది. కన్నం పెద్దదయ్యేకొద్దీ, జూమ్ చేసేకొద్దీ ఆ మేర తగ్గిపోతుంది. ఆ దూరంలో నాకు మిగిలింది జానెడు. ప్రకాశరావు ఆ జానెడుకి అవతల ఉన్నాడు.

ఇది నాకు తెలియదా? పుస్తకంలో చదివేను. ఇరవై ఆరేళ్ళు ఫ్లాష్ వేసి, కన్నం చిన్నది చేసి, పందిట్లో ఉన్న వందమందినీ స్పష్టంగా తీసిన చెయ్యి నాది. ఆ పూట కూడా జూమ్ 24 వైపు తిప్పితే చాలు, ముగ్గురి మొహాలూ వచ్చేవి. తిప్పలేదు. ఎరువు తెచ్చిన లెన్సుకదా, దాని గొప్పంతా అక్కడే కనబడాలనుకున్నాను. అంత పెద్ద కన్నం, అంత జూమ్ పెట్టుకుని వాడకపోవడమేమిటనుకున్నాను. పొరుగువాళ్ళ కారెక్కితే అద్దాలన్నీ దించుకుని కూర్చున్నట్టు.

ఆదివారమంతా స్టూడియో తియ్యలేదు. ప్రకాశరావు రెండుసార్లొచ్చి తలుపు కొట్టేడు. మా ఆవిడ, "వంట్లో బాగులేదన్నయ్యా," అని పంపేసింది. లోపలికొచ్చి, "వంటికేటి? బుర్రకి," అంది.

లోపల కూర్చుని, తప్పుగా పడ్డాయని మొదట్లోనే పక్కన పడేసిన ఫొటోలన్నీ మళ్ళీ తెరిచేను. అందులో ఒకటి ఉంది. చీకట్లో కెమెరా తడబడి సునీతని వదిలేసి, వెనకున్న తండ్రి తెల్ల చొక్కా కాలర్ని పట్టుకుంది. పెళ్ళికూతురు పొగ, లైన్‌మన్ శుభ్రం. మా వృత్తిలో ఇలాంటి ఫొటో ఎవరికీ చూపించరు. ప్రింటు తీసి కవరు అడుగున పెట్టేను.

సోమవారం పొద్దున్న కవరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేను. దారిలో ఒక మాట తయారుచేసుకున్నాను. శాంతమ్మ తలగడకి ఆనుకుని కూర్చునుంది. ఒక్కొక్కటే తీసి చూస్తోంది. పక్కన నిలబడ్డ ప్రకాశరావు ఫొటోలకేసి కాక ఆవిడ మొహంకేసి చూస్తున్నాడు.

"అన్నయ్యా, పిల్ల ఎంత బాగుందో," అంది. ఇంకో రెండు తిప్పింది. "ఈయన మొహమేటి ఇలాగుంది?"

"అది కొత్త ఇస్టైలు చెల్లెమ్మా. పెళ్ళికూతురే కనబడాలని వెనకవాళ్ళని అలా..."

ఆవిడ నవ్వలేదు. మరో ఫొటో తీసింది, మరొకటి. వేళ్ళు తొందరపడుతున్నాయి.

"నేను రాలేను గదా, ఇద్దరి బదులూ నువ్వే నవ్వుతా నిలబడమని ఈయన దగ్గర మాట తీసుకున్నాను," అంది. "నిలబడ్డానంటన్నాడు. నిజమో కాదో సూద్దామంటే ఒక్క దాంట్లోనూ మొహం లేదు. ఉందంటే మసకే."

నిజం చెప్పేసేను. "ఇస్టైలూ లేదు ఏటీ లేదు చెల్లెమ్మా. నాకు చాతకాలేదు. ఆ లెన్సు కూడా నాది కాదు. సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి."

"అది తెల్సు," అన్నాడు ప్రకాశరావు. "దాని సంచీ మీద విశాఖ షాపు పేరు ఇంతింత అచ్చరాలతో ఉంది బావా. చర్చిలో అందరూ సూసేరు."

కవరు అడుగునున్నది తీసి ఇచ్చేను. "ఇది పనికిరాని ఫొటో. పిల్ల మసకగా పడింది."

శాంతమ్మ దాన్ని కిటికీ వైపు తిప్పి పట్టుకుంది. ఫొటోలో ప్రకాశరావు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. రెండు బుగ్గలూ తడిగా మెరుస్తున్నాయి.

"సగం మాట నిలబెట్టుకున్నావులే," అంది మొగుడితో.

"పిల్ల మొహం సరిగ్గా లేదు చెల్లెమ్మా, కావాలంటే వేరేది..."

"పిల్ల మొహం నాకు తెలీదా అన్నయ్యా? ఈయనది ఇలాగుంటాదని నాకిప్పుడే తెలిసింది. ఇదే పెద్దది సేసి ఇయ్యి."

సాయంత్రం లెన్సు మూర్తి బల్ల మీద పెట్టేను. "నచ్చలేదా?" అన్నాడు. చాలా నచ్చిందని చెప్పేను. నా పాత లెన్సైతే ఆ ఐదు నిమిషాల్లో ఏ మొహమూ ఇచ్చేది కాదు, అన్నీ కదిలిపోయి ఉండేవి. అది మంచి లెన్సే. కానీ నాకు ఏడాదికి ఐదారు చర్చి పెళ్ళిళ్ళు, మిగతావన్నీ ఫ్లాష్ వెయ్యనిచ్చే పందిళ్ళు. రోజూ చీకట్లో పనిచేసేవాడు కొనుక్కోవాలి. నాలాంటివాడికి అద్దె చాలు. ఆ తర్వాత ఆరేళ్ళపాటు అద్దెకే తెచ్చుకున్నాను. సంచీ మాత్రం ఇంట్లో వదిలేసి తువ్వాల్లో చుట్టుకెళ్ళేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళకి నాదేనని చెప్పేను. కొందరు నమ్మేరు కూడా.

పని నేర్చుకున్నది మాత్రం నిజం. ఆనాటి నుంచీ పెళ్ళివారు ఆర్డరివ్వడానికొస్తే ఎన్ని ఫొటోలు, ఏ సైజు ఆల్బమ్ అని నేను ముందుగా అడగలేదు. అడిగేది ఒక్కటే: "ఈ పెళ్ళికి ఎవరు రాలేకపోతున్నారు?"