ఆదివారం రెండింటికి గుడ్ ఈవెనింగ్

నిన్న పొద్దున లైబ్రరీలో ఉండగా ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్.
నర్సింగ్ రావు తాత ఇక లేడు.

పుస్తకం మూయకుండానే బయటికి వచ్చేశాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిచి, మళ్లీ వెనక్కి తిరిగాను.
ఎక్కడా నిలబడలేకపోయాను.

మా నానమ్మ తమ్ముడు. ఒకప్పుడు నారాయణగూడలో ‘బ్లూ లాంతర్’ అనే నైట్ క్లబ్ నడిపాడు. బ్యాండ్, డాన్స్ ఫ్లోర్, మధ్యలో చిలకాకుపచ్చ సూట్‌లో తాత.

1969లో తెలంగాణ ఉద్యమం గొడవలు. సాయంత్రమైతే కర్ఫ్యూ.
తాత కిటికీలకు నల్ల గొంగళ్లు కట్టించాడు. హాల్లో గడియారం తొమ్మిదికి తిప్పాడు. మధ్యాహ్నం రెండింటికే రాత్రి చేసేశాడు. గుమ్మంలో నిలబడి అందరికీ ‘గుడ్ ఈవెనింగ్’ చెప్పేవాడు.

ఒకరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడట.
“ఏందయ్యా ఇది?”
“నైట్ క్లబ్ సార్.”
“పట్టపగలా?”
“పగలు బయటుంది సార్. మీరు లోపలికొచ్చిన్రు.”

ఆయన కాఫీ తాగి, రెండు పాటలు విని, గడియారం చూసి ఉలిక్కిపడి లేచాడట. “అరె, కర్ఫ్యూ టైమ్ అయిపాయె గదా.”

అప్పటి నుంచి తాతకు ఏ వేళైనా గుడ్ ఈవెనింగే. పొద్దున్నే కాలేజీకి వెళ్తుంటే నాకు కూడా. నేను తల వంచుకుని నవ్వేదాన్ని.

ఈ మధ్య ఆయన దృష్టి ఉద్యోగ పరీక్షలకు చదివే అశోక్ నగర్ హాస్టల్ పిల్లల మీద పడింది.
“కుర్చీలకు అతుక్కపోయిన్రు బిడ్డా. జర లేపాలె.”

ఈ ఆదివారం ఆ హాస్టల్ మెస్ హాల్లో ఒక్కపూట బ్లూ లాంతర్ పెడదామన్నాడు. బ్యాండ్ మాట్లాడాడు. గొంగళ్లు ఎండలో వేశాడు. గుమ్మంలో నిలబడి గుడ్ ఈవెనింగ్ చెప్పే పని నాకిచ్చాడు.
“నాకు గొంతు లేవదు తాతా.”
“లేస్తది. నేను పక్కన్నే ఉంట గద.”

నిన్న బాబాయి అన్నాడు, “అంటు రోజుల్ల డాన్స్ ఏంది? క్యాన్సిల్ చెయ్యుర్రి.”

నానమ్మ తమ్ముడి పక్కనే కూర్చుని ఉంది.
“వాడు కదలకుండ పండుకున్నది ఇయ్యాల్నే చూస్తున్న. పెట్టుర్రి.”

అందుకే ఆదివారం రెండింటికి రండి. గుమ్మంలో నేనుంటాను.
నిన్నటి నుంచి గదిలో తిరుగుతూ ఆ రెండు మాటలే అనుకుంటున్నాను. ఇంకా గొంతు సరిగా రావడం లేదు.
వస్తుంది.

తాతా, కుదురుగా ఉండమని నిన్ను అడగను. నీ కాళ్లకు సరిపడా ఫ్లోర్ దొరకాలి. అలిసిపోయినప్పుడు హాయిగా నిద్ర పట్టాలి.

గుడ్ ఈవెనింగ్.