బడ్జ్ అంటే ఏమిటో చేయించి చూపిన మేష్ట్రు

మా ఇంగ్లీషు మేష్ట్రు పోయారు. బాగేపల్లి నుంచి వచ్చిన మా తమ్ముడు చింతామణిలో మా అంగడి ముందు వక్కల మూట దించుతూ చెప్పాడు. "మూడు దినాలాయక్కా. నీకు తెలుసనుకొంటి." తెలియదు. తెలిసినా ఏ ముఖం పెట్టుకుని వెళ్లేదాన్నో.

బాగేపల్లి బడిలో ఏడో తరగతికి ఆయన మాకు పాఠం చెప్పారు. చేతికి అంటకుండా సుద్దముక్కకు కాగితం చుట్టుకునేవారు. అర్థం రాయించి ఊరుకునే మనిషి కాదు, పనిని చెప్పే మాట ఏదొచ్చినా ఆ పని మాచేత చేయించేవారు. బడ్జ్ అనే ఇంగ్లీషు మాట వచ్చిన రోజు మా నలుగురు ఆడపిల్లలను తన బల్ల నెట్టమన్నారు. పొద్దున తిన్న సంకటి బలమంతా పెట్టాం. బల్ల వేలెడంత కదిలింది.

"అదీ బడ్జ్. లేసి పోయేది కాదు, పరిగెత్తేది కాదు. ఉండే చోట్లోనే రవ్వంత జరిగేది," అన్నారు. మళ్లీ నవ్వి, "అయితే ఇంగ్లీషోళ్లు ఈ మాటను ఎక్కువగా జరగనోళ్లకే వాడతారు. ఎంత చెప్పినా బడ్జ్ కాలేదు అంటారు," అన్నారు.

ఆ వారంలోనే ఊరి బయటి కాలనీ నుంచి ఒక పిల్ల మా తరగతిలో చేరింది. ఆడపిల్లలకు ఉన్నది ఒక్కటే బెంచీ. దాని చివర నేను. ఆ పిల్ల కులమేదో మాకందరికీ తెలుసు. ఆమె తగిలితే తలకు పోసుకోనిదే వంటింట్లోకి రావద్దని మా అవ్వ ముందే చెప్పి ఉంది. మేష్ట్రు వచ్చేసరికి ఆ పిల్ల పుస్తకాలు ఎదకు అదుముకుని గోడ దగ్గర నిలబడి ఉంది.

"బడ్జ్ అమ్మా," అన్నారు నాతో.

నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"రవ్వంత జరుగు, చాలు. ఆ యమ్మి కూచుంటాది."

"మా అవ్వ తిడ్తాది సార్."

ఆ మాట అనడానికి నాకు సిగ్గు వేయలేదు. ఆయన నన్ను తిట్టలేదు, మా నాన్నను పిలిపించలేదు. తన కుర్చీ తెచ్చి బెంచీ పక్కన వేసి ఆ పిల్లను కూర్చోబెట్టారు. ఆ ఏడాదంతా నిలబడే పాఠం చెప్పారు. మధ్యాహ్నాల్లో కాళ్లు నొప్పెట్టి ఆయన ఒంటి బరువు ఈ కాలి మీదికీ ఆ కాలి మీదికీ మార్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. మా బెంచీ మీద ఇంకొకరికి చోటుండేది.

ఆ పిల్ల తర్వాత ఏమైందని మీరు అడుగుతారు. నాకు తెలియదు. నేనెవరినీ అడగలేదు.

కిందటేడు చింతామణి బస్టాండులో మేష్ట్రు కనిపించారు. ఆయనే గుర్తుపట్టారు.

"బాగుండావామ్మా? పిల్లోళ్లు ఎంతమంది?"

"ఇద్దరు సార్. సార్, ఆ పొద్దు బడిలో..."

ఆయన సంచి కింద పెట్టి, చెప్పమన్నట్టు చూశారు. పక్కన మా అత్త నిలబడి వింటోంది.

"ఏం లేదు సార్," అన్నాను.

పన్నెండేళ్ల పిల్ల చేసినదాన్ని తెలియనితనం అనుకోవచ్చు. ఇద్దరు పిల్లల తల్లి చేసినదాన్ని ఏమనుకోవాలి?

అంతలో బాగేపల్లి బస్సు వచ్చింది. "పోయొస్తా తల్లీ," అని ఆయన ఎక్కారు. ముగ్గురు పట్టే సీట్లో ఇద్దరు కుర్రవాళ్లు కాళ్లు ఎడంగా చాపుకుని కూర్చున్నారు. వాళ్ల పక్కనే, పైకమ్మీ పట్టుకుని ఆయన నిలబడ్డారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ నెరిసిన తల కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.