వనపర్తి మెషిన్‌లో కనబడ్డ వంకర

ఆ రోజుల్లో గద్వాలలో నేను పూర్తిగా నమ్మే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. టీ కొట్టాయన పాలలో నీళ్లు కలుపుతాడని, కండక్టర్ చిల్లర లేదంటే జేబు నిండా పెట్టుకునే అంటాడని, మా వీధిలో కరెంటు స్తంభాలు ఒంగి ఉన్నాయంటే పాతినవాళ్లు పని ఎగ్గొట్టారని ఖాయంగా చెప్పేవాణ్ని. మాది మగ్గాల ఇల్లు. ఒక్కచోట కూర్చుని నేసే ఓపిక లేక కళ్లద్దాల దుకాణంలో చేరాను. దుకాణం వెనక గదిని మా సేటు ‘ల్యాబ్’ అనేవాడు. (చేత్తో అద్దం అరగదీసే పాత మెషిన్ ఒకటి, బకెట్లు రెండు, ఒక ఫ్యాను. ఫ్యాను సేటు ఉన్నప్పుడే తిరిగేది.) ఆ మెషిన్ మీద ఒక్క అద్దానికి పూటంతా పట్టేది. పెద్ద నంబర్లు హైదరాబాద్‌కు పంపితే వారానికి గానీ వచ్చేవి కావు, ఆలోపు గిరాకీ కాస్తా కర్నూలు పోయేది. చివరికి సేటు విసిగిపోయాడు.

“వనపర్తిల ఒకాయన దుకాణం బంద్ చేస్తుండట. జనరేటర్ అమ్ముతడట. మంచిగుంటే తీస్కుందం. లేకుంటే ల్యాబ్ మూసి రెడీమేడ్ అద్దాలు అమ్ముకుంట. అప్పుడు నీతోని నాకేం పని? పోయి మగ్గం గుంతల కూసో” అన్నాడు. జనరేటరంటే మా పనిలో అద్దం బిళ్లను నంబరుకు తగ్గ వంపులో కోసే మెషిన్. దాన్ని పరీక్షించి తేల్చే పని నాకే అప్పగించాడు. మెషిన్ కొనకపోతే నా కొలువు పోతుంది, పాడు మెషిన్ కొనిపించినా నా కొలువే పోతుంది. రాత్రంతా ఎవరు ఎలా మోసం చేస్తారో ఆలోచించుకుని తెల్లారి సేటుతో కలిసి బస్సెక్కాను.

వనపర్తిలో ఆ ముసలాయన మమ్మల్ని చూడగానే కుర్చీలు తుడిచాడు, చల్లటి నీళ్లిచ్చాడు, టీ తెప్పించాడు, అన్నం తిని పోవాలన్నాడు. నేను సేటు చెవిలో “అతి వినయం ధూర్త లక్షణం సేటూ” అన్నాను. “నోర్మూస్కొని నీళ్లు తాగు” అన్నాడు సేటు. మెషిన్‌కు కొత్త రంగు వేసి ఉంది. “రంగెందుకేసినవ్ కాకా?” అని నిలదీశాను. “తుప్పు పట్టకుంట ఏటా వేస్త బిడ్డా.” గోటితో గీకి చూశాను. రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు. ఎన్నేళ్లుగా కప్పిపుచ్చుతున్నాడో అనుకున్నాను. ఆన్ చేస్తే మోటారు చప్పుడే లేదు. చప్పుడుంటే అరిగిపోయిందనేవాణ్ని, లేదు కాబట్టి ఇంకా పెద్ద మోసమేదో ఉందనుకున్నాను. ఎందుకు అమ్ముతున్నావంటే వణుకుతున్న చేతులు చూపించాడు. (చలికేమోనని అనుమానించాను. అది ఎండాకాలం.)

నా ముందే ఒక అద్దం కోసి, అరగంట పాలిష్ పట్టి చేతికిచ్చాడు. కిటికీ ఊచల వైపు పెట్టి చూస్తే నడిమధ్య ఊచ వంకర! అద్దాన్ని తిప్పి చూశాను, తలకిందులు చేసి చూశాను, వంకర మాత్రం జరగలేదు. ఎటు తిప్పినా పోని లోపమంటే మెషిన్ ఎంత పాడైపోయి ఉండాలి! దొరికాడు దొంగ అనుకుంటుంటే, ముసలాయన నా ముఖంలోకి వంగి చూసి “బిడ్డా, నీ కండ్లద్దాలు ఎవరు చేసిండ్రు?” అన్నాడు.

“మాట మార్చకు కాకా” అన్నాను. (అవి నేను చేరిన కొత్తలో నా చేతులతో నేనే చేసుకున్నవి. ఊరంతా చూపించుకున్నాను.) రేపు నాగర్‌కర్నూల్ నుంచి ఇంకొకాయన మెషిన్ చూడటానికి వస్తున్నాడని ముసలాయన అంటే, “గిసొంటి ముచ్చట్లు మస్తు విన్నం” అని, అన్నం కూడా తినకుండా సేటును లాక్కొచ్చాను. ఆ అద్దాన్ని సాక్ష్యంగా జేబులో వేసుకున్నాను. బస్సు పెబ్బేరు దాటింది. “ఇగ రెడీమేడే” అన్నాడు సేటు. అంటే నేనిక మగ్గం గుంతలోకే.

ఇంటికొచ్చేసరికి అమ్మ మగ్గం మీద ఉంది. నా తెలివికి కనీసం ఇంట్లోనైనా మెప్పు దొరుకుతుందని అద్దం ఇచ్చి చూడమన్నాను. ఆమె దాన్ని మగ్గం మీది పడుగు దారాల మీద ఆనించి, తెగిన పోగును వెతికినట్టు మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు జరిపింది.

“పోగులు సక్కగనే ఉన్నయ్ గదరా.”

“జర మంచిగ సూడమ్మా. నడుమ వంకర లేదూ?”

“నా కండ్లకైతే లేదు. నీవి తీసియ్యి” అని నా ముక్కు మీది అద్దాలు లాక్కుని పడుగు మీద పెట్టింది. కుడి అద్దం కింద పోగులన్నీ గుంత తప్పించుకునే ఆటోలాగా పక్కకు తిరిగి మళ్లీ దారికొచ్చాయి. “ఏ మొగోడు చేసిండురా గిది? వానికి పైసలిచ్చినవా?”

“నేనే చేసిన” అన్నాను.

ఆమె నవ్విన నవ్వుకు పక్కింటి అత్త గోడ మీంచి తొంగి చూసింది. అంతలోనే నవ్వు ఆపి, “గందుకేనా రెండేండ్ల సంది నా అంచు వంకర వంకర అని పానం తీస్తున్నవ్?” అంది. నిజమే. గద్వాల అంచు నేసే చేతిని పట్టుకుని ఎన్నిసార్లు అన్నానో! అప్పుడైన సిగ్గు ముందు ఉద్యోగం పోతుందన్న భయం కూడా చిన్నదైపోయింది. (పచ్చకామెర్ల సామెత ఎవరూ నా ముందు అనలేదు గానీ, ఆ రాత్రే సేటుకు చెప్పినప్పుడు అది ఆయన నోటిదాకా వచ్చి ఆగడం చూశాను.)

మర్నాడు మొదటి బస్సుకే పోయాం. నాగర్‌కర్నూల్ ఆయన మాకంటే ముందే వచ్చి, గోటితో రంగు గీకుతున్నాడు. మమ్మల్ని చూసి “నిన్న వద్దని పోయినోళ్లు మీరేనా? ఏం లోపముంది దీంట్ల?” అన్నాడు. ముసలాయన నా వైపు చూశాడు. ఒక్క అబద్ధం ఆడితే చాలు, ఆయన పోతాడు, మెషిన్ మాదవుతుంది. నా నోట మాత్రం “మెషిన్ బంగారమన్నా. లోపం నా కండ్లద్దాలది” అని వచ్చేసింది. సేటు తల పట్టుకున్నాడు.

నాగర్‌కర్నూల్ ఆయన మా ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. “ముగ్గురు కలిసి నాటకమాడుతున్నరా? నాకేం తెల్వదనుకున్నరా?” అని చెప్పులేసుకుని పోయాడు. వెనకే పరుగెత్తి నిజమని ఒట్టేస్తే ఇంకా వేగంగా నడిచాడు.

మెషిన్ బేరం కుదిరి, మేం మాట్లాడుకున్న ట్రాలీ ఆటోకెక్కే ముందు ముసలాయన దాని మీద ఆఖరి పనిగా నాకు కొత్త అద్దాలు కోసిచ్చాడు. చేతులు వణికాయి గానీ అద్దం వణకలేదు. అవి పెట్టుకుని గద్వాలలో దిగితే మా వీధి స్తంభాలన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి.

ఆ మెషిన్ ఇంకా నడుస్తోంది. ఏటా రంగు వేస్తున్నాను. గోటితో స్తంభాన్నైనా గీకి చూసే ఆనాటి నన్ను తలచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇప్పటికీ చీర మగ్గం దిగిందంటే అమ్మ నన్ను పిలుస్తుంది. “ఏం సారూ, అంచు వంకరుందా?” నేను అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసి “లేదమ్మా, సక్కగుంది” అంటాను. సరేనని తలూపి, పక్కింటి అత్తను కూడా పిలిచి ఆ అంచే చూపిస్తుంది.