వేవిళ్లకు మందు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మీద బతికేవాళ్లకు కొదవ లేదు. రత్నమాణిక్యం వాళ్లలో ఒకరు. భర్త హనుమంతరావు పోయాక కొట్టు ఎత్తేయమని చుట్టాలు ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. కాటా ముందు కూర్చుని, ఒక్కో పాయనూ మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, మెత్తబడినవి పక్కన పడేసి, గట్టివి తూకంలో వేసేది. కొడుకు కిరణ్ కుమార్ ఎదిగొచ్చాక ట్రాలీ ఆటోలో సరుకు వేసుకుని ఉంగుటూరు దాకా ఊళ్లన్నీ తిరిగి అమ్ముకొచ్చేవాడు. కొట్టు వెనకే ఇల్లు. కొట్లో పట్టని బస్తాలు ఇంటి ముందుగదిలో ఉండేవి. ఆ ఇంట్లో ఉల్లి వాసన ఉందన్న సంగతే ఎవరికీ తోచేది కాదు.

కోడలు శ్రీదుర్గకు రెండో నెల దాటేసరికి ఆ వాసన పగబట్టినట్టు వెంటాడింది.

మొదట్లో రత్నమాణిక్యం సంబరపడింది. "వేవిళ్లు పట్టాయంటే కడుపు గట్టిగా నిలిచినట్టేనండీ" అని పక్కింటి సూర్యకాంతంతో చెప్పుకుంది. అల్లం రసం కాచి ఇచ్చింది. నిమ్మకాయ కోసి చేతికిచ్చి వాసన చూస్తూ ఉండమంది. మరమరాలు పెట్టింది, ధనియాల కషాయం పెట్టింది. ఏది పెట్టినా గొంతు దిగీదిగకముందే బయటికి వచ్చేసేది. కిరణ్ రెండుసార్లు స్నానం చేసొచ్చినా ఉల్లి వాసనేనని ఆ పిల్ల మొహం తిప్పుకునేది. సబ్బు మారిస్తే, ఆ సబ్బు వాసనకూ డోకు వచ్చేది. పాపం వాడు మంచం తీసుకెళ్లి వసారాలో వేసుకున్నాడు.

నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి రమ్మని పంపారు. శ్రీదుర్గ పుట్టిల్లు పెదపాడు దగ్గర, చేపల చెరువుల పక్కనే. మేత బస్తాల వాసన, చెరువు నీళ్ల వాసన, వలలు ఎండేసిన వాసన. మర్నాడే తండ్రి ఆ అమ్మాయిని కారు మాట్లాడుకుని తిరిగి తెచ్చి దిగబెట్టాడు.

"ఓర్చుకోవాలమ్మాయ్" అంది రత్నమాణిక్యం. "మా రోజుల్లో డాక్టర్లున్నారా, మందులున్నాయా? మేం కనలేదా?"

ఆ మాట ఆవిడ ఒక్కసారి కాదు, చాలాసార్లు అంది. అన్న ప్రతిసారీ అక్కణ్ణించి లేచి కొట్లోకి వెళ్లిపోయేది.

ఒక పొద్దున్న శ్రీదుర్గ స్నానాలగది గుమ్మంలో కూలబడిపోయింది. పెదాలు అట్టలు కట్టి ఉన్నాయి. పిలిస్తే పలకడానికి నాలుక తిరగలేదు. ఆటోలో ఎక్కించి ఏలూరు తీసుకెళ్లారు. డాక్టర్ శిల్ప చూసి, ఒంట్లో నీరన్నదే లేదని, వెంటనే సెలైన్ పెట్టించింది. ఇవి మామూలు వేవిళ్లు కావనీ, కొందరికి ఇలా ముదిరి జబ్బవుతుందనీ చెప్పి రెండు రకాల బిళ్లలు రాసింది.

"మూడో నెలలో బిళ్లలంటే, కడుపులో పిల్లకేమైనా అవుతుందేమోనండీ?" అని రత్నమాణిక్యం భయపడుతూ అడిగింది.

"గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందేనండీ ఇది. తల్లి కడుపులో తిండీ నీళ్లూ నిలవకపోవడమే ఎక్కువ ప్రమాదం. విరవకుండా మింగాలి, ఒక్క పూట కూడా మానకూడదు."

బిళ్లలు పని చేశాయి. గంజి నిలిచింది, మజ్జిగ నిలిచింది. చిక్కల్లా కొనడం దగ్గరే వచ్చింది. ఆ ఏడు వానలకు బస్తాల్లో సరుకు మొలకలెత్తింది. కిరణ్ తిరుగుడుకి వచ్చేది ఆటో వాయిదాకే సరిపోయేది. మధ్యమధ్య మళ్లీ సెలైన్ పెట్టించాల్సి వచ్చేది. మందుల షాపు నుంచి వచ్చినప్పుడల్లా వాడి మొహం చూస్తే తెలిసిపోయేది. అట్ట మొత్తం కొనేవాడు కాస్తా రెండేసి, మూడేసి బిళ్లలు కత్తిరించి ఇమ్మని అడగడం మొదలుపెట్టాడు.

వాంతులు మళ్లీ ఎక్కువయ్యాయి. మందు పట్టడం మానేసిందేమో అనుకున్నారు. ఒక మధ్యాహ్నం కోడలు పడుకున్న పక్క రత్నమాణిక్యం సర్దుతుంటే దిండు కింద కాగితం పొట్లంలో సగం సగం విరిచిన బిళ్లలు కనిపించాయి.

"ఇదేంటమ్మాయ్? విరవొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా."

శ్రీదుర్గ గోడ వైపు తిరిగి పడుకుంది. "సగం వేసుకుంటే రెట్టింపు రోజులు వస్తాయి కదండీ, అత్తయ్యగారూ. ఆయన మొహం చూడలేకపోతున్నాను. మీరంతా మందుల్లేకుండానే కన్నారు. నాకే చేతకావట్లేదు."

గొంతు ఇంకా తగ్గించి అంది. "నా వల్ల కాదండీ. తీయించేసుకుంటాను. మీ అబ్బాయితో మీరే చెప్పండి."

రత్నమాణిక్యం పొట్లం పట్టుకుని మంచం కోడు పక్కన కింద కూలబడింది. తిడుతుందని శ్రీదుర్గ కళ్లు మూసుకుంది. ఆవిడ పొట్లం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నేను తీయించుకున్నాను" అంది.

శ్రీదుర్గ ఇటు తిరిగింది.

"కిరణ్ కడుపులో ఉన్నప్పుడు ప్రసవమయ్యేదాకా ఇంతే. కళ్లు తెరిస్తే వాంతి. నీళ్లు తాగితే వాంతి. మా అత్తగారు నటిస్తున్నానని అనేది. వాడికి మూడో ఏడు వచ్చాక మళ్లీ నెల తప్పింది. మళ్లీ అదే మొదలైంది. చచ్చిపోతానని భయం వేసింది. మా అమ్మను తోడు తీసుకుని ఏలూరు వెళ్లి తీయించుకున్నాను. మీ మావయ్యకు దానంతట అదే పోయిందని చెప్పాను. ఆయన పోయేదాకా ఆ మాటే నమ్మారు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మేం కనలేదా అన్నాను చూడు, అది అబద్ధం. మేమూ కనలేకపోయాం. ఎవరికీ చెప్పుకోలేదంతే."

ఇద్దరూ ఏడ్చారు. ఏడుస్తూ ఉండగానే శ్రీదుర్గకు మళ్లీ వాంతి వచ్చింది. రత్నమాణిక్యం వీపు రాస్తూ పళ్లెం పట్టింది.

"ఒక్క మాట విను. మందు పూర్తిగా, చెప్పినట్టు వేసుకుని చూడు. ఎక్కణ్ణించి తెస్తానో ఆ గోల నీకొద్దు. అప్పటికీ వద్దనిపిస్తే నేనే నిన్ను తీసుకెళ్తాను. కిరణ్‌కి కూడా నేనే చెప్తాను."

మర్నాడు ఆవిడ కొట్టు తెరవలేదు. పెద్ద వర్తకుడు వెంకట్రాజును పిలిపించి ముందుగదిలో బస్తాలన్నీ వచ్చిన ధరకు ఇచ్చేసింది. కిరణ్ లబోదిబోమన్నాడు.

"అమ్మా, వారం ఆగితే ధర లేస్తుందే!"

"ఉల్లిపాయలు వారం ఆగుతాయిరా. ఆ పిల్ల ఆగదు."

గది కడిగించి, కిటికీలు తెరిపించి, ఆవిడ ఒక్కతే ఏలూరు బస్సెక్కింది. డాక్టర్ శిల్ప గది ముందు తన వంతు వచ్చేదాకా కూర్చుని, లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఖరీదు ఎక్కువవుతోందండీ. చెప్పడానికి మొహమాటపడ్డాం. ఆ పిల్ల సగం సగం వేసుకుంటోంది. ఇదే మందు తక్కువలో దొరుకుతుందా అండీ?"

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. "నేనే ముందు అడగాల్సిందండీ" అంది. కంపెనీ పేరు కాకుండా మందు పేరే రాసి, జనరిక్ మందుల షాపు ఎక్కడుందో చెప్పింది. ఆ షాపులో ఒక రకం బాగా తక్కువకు దొరికింది. రెండోది అక్కడ లేదు. దాన్ని పాత ధరకే కొనాల్సి వచ్చింది. అయినా ఉల్లి డబ్బులు నెలకు పైగా సరిపడే మందులకు వచ్చాయి.

శ్రీదుర్గకు ఒక్కసారిగా ఏమీ నయం కాలేదు. రోజుకు ఎన్నోసార్లు అయ్యే వాంతులు ఒకటి రెండుకు దిగాయి. పోపు వాసన పడదని ఆ ఇంట్లో పోపు మానేశారు. చల్లటి పెరుగన్నం ఒక్కటే సయించేది. మళ్లీ ఒకసారి సెలైన్ కూడా పెట్టించారు. ఆరో నెలలో ఒక సాయంత్రం తనంతట తానే లేచి, కొట్టు గుమ్మం దాకా వచ్చి నిలబడి వీధి చూసింది. తీయించుకునే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. రత్నమాణిక్యమూ ఎత్తలేదు. కిరణ్‌కు ఆ సంగతే తెలియదు.

ఆడపిల్ల పుట్టింది. కాస్త బరువు తక్కువ, గొంతు మాత్రం ఊరంతా వినబడేది. హర్షిత అని పేరు పెట్టారు. బారసాల నాడు సూర్యకాంతం పిల్లను ఎత్తుకుని ముద్దాడి, "వచ్చే ఏడు తమ్ముణ్ణి కనేస్తే పని అయిపోతుందే అమ్మాయ్" అంది.

శ్రీదుర్గ తలెత్తలేదు. తాంబూలాలు సర్దుతున్న రత్నమాణిక్యం చెయ్యి ఆపింది.

"అది ఆ పిల్ల ఇష్టమండీ, వదినగారూ" అంది. "మనం అడగకూడదు."