పెరట్లోకి వచ్చేవాళ్లు

జహీరాబాద్‌లో నేను మొదట అద్దెకున్న ఇంటావిడ ఒంటరి మనిషి. రోజూ పొద్దున పెరట్లో తేనెటీగలను పలకరించేది: "వచ్చిన్రా? రాన్రి, రాన్రి." వాటికోసమే కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలేసేది. తులసి వెన్నులు తుంచేది కాదు. అవి వాలి తాగడానికి మూకుడులో గులకరాళ్లు పేర్చి నీళ్లు పోసేది.

ఆ ఎండాకాలం కొత్తిమీర మాడిపోయింది, తేనెటీగలు రావడం మానేశాయి. గుమ్మడి పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. నాకు కారణం తెలుసు. ఒక ఆదివారం మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వుకు పుప్పొడి రాయబోయాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"తేనెటీగలు చేసే పనే ఆంటీ. ఇలా రాస్తే పిందె నిలుస్తుంది."

"మా ఇంజనీరు సాబ్ తేనెటీగ అయిండు!" అని నవ్వింది. కాసేపటికి నా చేతిలోని పువ్వు తీసేసుకుంది.

"వద్దు బిడ్డా. గుమ్మడికాయ అంగట్ల దొరుకుతది. వాళ్ల పని నువ్వే జేస్తే, ఇగ మా ఇంటికి ఎవరొస్తరు?"

గులకరాళ్లు తడిసేదాకా మూకుడులో నీళ్లు పోసి, తేనెటీగలు వచ్చే గోడవైపు చూస్తూ నిలబడింది.

ఇప్పుడు వేరే ఊళ్లో ఒక్కడినే ఉంటున్నాను. బాల్కనీలో తులసి వెన్నులు వేసింది. తుంచబుద్ధి కావడం లేదు.